రోమ్ బంగారం కట్టిన ఊళ్లు కావివి

విజయవాడలో ఎక్కడైనా అమరావతి ప్రస్తావన రానివ్వండి, రెండో మాటకు రోమ్ వచ్చి కూర్చుంటుంది. సభలో వక్త అదే చెబుతాడు, పోటీ పరీక్షల గైడు అదే చెబుతుంది, నాగార్జునసాగర్ దగ్గర అనుపులో పర్యాటకులను తిప్పేవాళ్లూ అదే చెబుతారు. రోమన్లు ఓడలేసుకుని మన తీరానికి వచ్చారట. మన సన్న బట్టలు, ముత్యాలు, మిరియాలు చూసి ముచ్చటపడి బంగారం కుమ్మరించారట. ఆ బంగారంతోనే శాతవాహనులు బలపడ్డారట, అమరావతి, ఘంటసాల, నాగార్జునకొండ వెలిశాయట. రోమ్ కుప్పకూలగానే మన రేవులూ స్తూపాలూ పాడుపడ్డాయట.

ఈ కథ తప్పు. అక్కడక్కడా సర్దితే నిలబడే తప్పు కూడా కాదు. కాలం లెక్కలో తప్పు, వ్యాపారం నడిచే పద్ధతి విషయంలో తప్పు, అన్నిటికీ మించి ఆ రాళ్ల మీద పేర్లు చెక్కించుకుని పోయిన మనుషుల విషయంలో తప్పు. మన తాతల కష్టాన్ని ఎవరో దూరదేశపు చక్రవర్తి ఖాతాలో రాసి, దాన్నే మన ఘనతగా తరతరాలుగా చెప్పుకుంటున్నాం. నాకు కోపం అక్కడే.

ముందు నాణేల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే కథంతా వాటి మీదే నడుస్తోంది. విజయవాడ బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియంగా పిలుస్తున్న విక్టోరియా జూబిలీ మ్యూజియానికి 1887 జూన్ 27న శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్. అంతకు పదేళ్ల ముందు, 1877లో, అమరావతిలో తవ్వకాలు చేయించిందీ ఆయనే. విజయనగర సామ్రాజ్యం మీద 1900లో పుస్తకం రాసిందీ ఆయనే. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలన్నిటినీ ఏ ఊళ్లో, ఎప్పుడు, ఏ చక్రవర్తి ముద్రతో దొరికాయో వరసపెట్టి 1904లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించింది కూడా ఆయనే. రోమ్ కథ చెప్పేవాళ్లు తెలిసో తెలియకో ఆధారపడేది ఆ జాబితా మీదే. కానీ అందులో ఏముందో చూసినవాళ్లు తక్కువ. దొరికిన నాణేల్లో ఎక్కువ భాగం ఆగస్టస్ నుంచి నీరో వరకు పాలించిన చక్రవర్తులవి, అంటే క్రీ.పూ. 27కూ క్రీ.శ. 68కీ మధ్యవి. ఆ తర్వాత పలచబడిపోతాయి. ఈ సంగతి స్పష్టంగా రాసింది సీవెలే.

ఇక మన స్తూపాల తేదీలు దాని పక్కన పెట్టండి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన ధాతు కరండాల మీది రాతలు క్రీ.పూ. మూడు, రెండు శతాబ్దాలవని లిపి నిపుణులు తేల్చారు. వాటి మీద కుబీరకుడనే రాజు పేరుంది, నిగమంలో సభ్యుల పేర్లున్నాయి, గోష్ఠిలో ఉన్నవాళ్ల పేర్లున్నాయి. అంటే ఊరి వర్తకులు సంఘం కట్టి, జట్టుగా డబ్బు వేసుకుని, బుద్ధుని ధాతువులకు పేటిక చేయించారు. అప్పటికి ఆగస్టస్ పుట్టలేదు. రోమ్‌లో చక్రవర్తి అనే పదవే లేదు. అమరావతిలో మౌర్యుల కాలపు శాసన ముక్క దొరికింది. ధరణికోటలో 1960లలో జరిపిన తవ్వకాల్లో పడవలు వచ్చి ఆగే కాలువా, దాని ఒడ్డున రేవు కట్టడమూ బయటపడ్డాయి. ఆ రేవు తొలి దశ కూడా రోమన్ నాణేలకంటే ముందుదే. రోమ్ బంగారం రాకముందే రేవు ఉంది, సంఘం ఉంది, దానం చేసేంత మిగులు ఉంది. కథలో మొదటి మెట్టే ఇక్కడ ఊడిపోతుంది.

అటు చివర చూసినా అంతే. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల విజయపురి క్రీ.శ. మూడో శతాబ్దంలో వెలిగింది. మన దగ్గర దొరికే వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించే టైబీరియస్ చచ్చిపోయి అప్పటికి రెండు వందల ఏళ్లు. అచ్చయిన చాలా కాలానికి కూడా ఆ నాణేలు ఇక్కడికి వచ్చి ఉండొచ్చని కొందరు పండితులు వాదిస్తారు. ఒప్పుకుందాం. అయినా భట్టిప్రోలు కరండం తేదీ మారదు, ధరణికోట రేవు తేదీ మారదు. పోనీ, రోమ్ పడిపోవడం వల్లే మన ఊళ్లు చితికిపోయాయన్న మాటైనా నిలుస్తుందా? పశ్చిమ రోమ్ చివరి చక్రవర్తి గద్దె దిగింది 476లో. విజయపురి వెలుగు ఆరింది నాలుగో శతాబ్దం మొదట్లో, కాన్‌స్టాంటైన్ మంచి జోరు మీదున్న రోజుల్లో. అమరావతి మాటకొస్తే, కోట కేతరాజు 1182లో వేయించిన శాసనంలో అక్కడి బుద్ధునికి దీపాల కోసం చేసిన దానం ఉంది. 1344 నాటి శ్రీలంక గడలాదెణియ శాసనం ధాన్యకటకంలో ఒక విగ్రహ గృహాన్ని ధర్మకీర్తి స్థవిరుడు బాగుచేయించిన సంగతి చెబుతుంది. రోమ్ పోయాక దాదాపు తొమ్మిది వందల ఏళ్లకు కూడా సింహళం నుంచి భక్తుడు వెతుక్కుంటూ వచ్చిన క్షేత్రాన్ని రోమ్‌తోపాటే పోయిందని ఎలా రాస్తున్నాం?

బంగారం వచ్చింది నిజమే కదా అంటారు. వచ్చింది. వినుకొండలో 1889లో దొరికింది, నెల్లూరు దగ్గర 1786లోనే దొరికింది, నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో పదిహేను వందలకు పైగా వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. కాదనేవాడెవడూ లేడు. ఆ నాణెం మన చేతికొచ్చాక దానికి మనం ఇచ్చిన విలువ ఏమిటన్నదే నా ప్రశ్న.

ఆ వెండి నాణేన్ని దగ్గరగా చూడండి. ఒకవైపు ఆకుల దండ పెట్టుకున్న ఆగస్టస్ తల. రెండోవైపు డాళ్లూ ఈటెలూ పక్కన పెట్టుకుని నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు, ఆయన మనవలు గయస్, లూసియస్. టైబీరియస్ నాణెమైతే వెనుక కుర్చీలో కూర్చున్న స్త్రీ. దక్షిణాదిన దొరికిన కుప్పల్లో ఈ రెండు రకాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. రోమ్ ఇంకా ఎన్నో రకాలు ముద్రించింది, కానీ మనవాళ్లు అడిగింది వీటినే. నీరో 64లో వెండి పాలు తగ్గించాడు. ఆ కల్తీ నాణెం మన నేలలో అరుదు. ఎవరు ఎవరిని నడిపించినట్టు? సరుకు ఇచ్చేవాడు ఫలానా నాణెమైతేనే తీసుకుంటానంటున్నాడు, రోమ్ వర్తకుడు అదే వెతికి తెస్తున్నాడు. అక్కన్‌పల్లి నాణేల మీద చిన్న చిన్న ముద్రలు కొట్టి ఉన్నాయి. తమిళనాడు పుదుక్కోట దగ్గర 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. లోకమంతా వణికే సీజరు ముక్కు మీదుగా ఇక్కడి కంసాలి ఉలి దించాడు. మాకు నీ బొమ్మతో పని లేదు, లోహంతోనే పని అని ఆ గాటు చెబుతోంది.

విజయవాడ వన్ టౌన్ మెయిన్ రోడ్డు మీద పాత బంగారం కొనే కొట్లో ఈ రోజుకీ పద్ధతి అదే. ఒరగల్లు మీద గీస్తారు, గీత మీద ఆసిడ్ చుక్క వేస్తారు, రంగు చూస్తారు, కాటాలో పెడతారు. నగ మీద ఎవరి బొమ్మ ఉందో ఎవరూ అడగరు. నెల్లూరు నాణేలకు పట్టిన గతీ ఇదే. దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది, తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినా బొమ్మల బంగారం. అతను పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయింది. ముప్పై చిల్లర మాత్రం నవాబు కొడుకు చేతికి చేరి బయటపడ్డాయి. కరిగినవి ఏ ఇంట్లో ఏ గాజులయ్యాయో, ఏ గొలుసులయ్యాయో. ఆ కుండ బయటపడటానికి పదిహేడు వందల ఏళ్ల ముందు కూడా ఇక్కడికి చేరిన నాణెం చాలావరకు ముడి లోహమే. తెలంగాణలోని కొండాపూర్‌లో పురావస్తు పండితుడు యజ్దానీ జరిపిన తవ్వకాల్లో దొరికిన మట్టి బిళ్లలు చూడండి. రోమన్ నాణేన్ని చూసి మట్టితో అచ్చు పోసి, మెడలో వేసుకోవడానికి కొక్కెం పెట్టిన బిళ్లలవి. ముచ్చటగా ఉంటే మెడలో వేసుకున్నారు, లేదంటే కరిగించారు.

అదే తెలంగాణ నేలలో పెద్దబంకూరులో ఒక్క కుండలో ఇరవై వేలకు పైగా శాతవాహన నాణేలు దొరికాయి. అక్కడే రోమన్ వెండి నాణేలు కొన్ని దొరికాయి. మన పత్రికల్లో, మన పుస్తకాల్లో ఏది శీర్షికకు ఎక్కుతుందో మీకు తెలుసు. సంతలో చేతులు మారింది సీసం, రాగి, పొటిన్ అనే మిశ్రమ లోహం. రైతూ కుమ్మరీ చూసిన డబ్బు అదే. కోస్తాలో దొరికే శాతవాహన రాజు పులుమావి సీసపు నాణేల మీద రెండు తెరచాపల కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంటుంది. ఆ ఓడ మనది, డబ్బూ మనది. అయినా మన పిల్లలకు చూపించేది ఆగస్టస్ తలే.

ఇక ప్లినీ. ఈ వాదనలో ఆయన పేరు రాకుండా ఉండదు. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు ఇండియా లాగేసుకుంటోందని రోమ్ మేధావి తల బాదుకున్నాడని అందరూ రాస్తారు. ఆయన గోడు ఆడవాళ్ల సోకుల మీద, ధనికుల దుబారా మీద. అది నీతి బోధలో దొర్లిన అంకె, ఖజానా లెక్క కాదు. పైగా ఆ డబ్బులో పెద్ద భాగం మిరియాల కోసం పోయింది, మిరియం పండేది మలబారులో. కృష్ణా డెల్టాలో మిరియం ఎప్పుడు పండింది? వియన్నాలో ఉన్న ఒక పాపిరస్ ఒప్పంద పత్రంలో ముజిరిస్ నుంచి వచ్చిన ఒక్క ఓడ సరుకు విలువ దాదాపు డెబ్బై లక్షల సెస్టర్సులని లెక్క ఉంది. అదీ కేరళ రేవు ఓడే. ఆ సరుకు మీద రోమ్ ఖజానా నాలుగో వంతు సుంకం పట్టుకునేది. నష్టపోయానని ఏడ్చిన రోమే గుమ్మంలో నిలబడి వసూలు చేసుకుంది. మలబారు లెక్క తెచ్చి మసూల తీరానికి అంటించి, ఇంత డబ్బుతో అమరావతి కట్టారని చెప్పడం ఎంతవరకు న్యాయం?

మన తీరం గురించి ఆ కాలపు గ్రీకు నావికులు నిజంగా రాసింది ఎంత? మొదటి శతాబ్దపు పెరిప్లస్ గ్రంథకర్త పశ్చిమ తీరం రేవుల్లో ఏ నెలలో పోటు ఎంత, ఏ రాజుకు ఏ కానుక ఇవ్వాలి అని ఇంటి గుట్టులా చెబుతాడు. కన్యాకుమారి దాటి ఇటు తిరిగేసరికి మాటలు తగ్గిపోతాయి. మసాలియా అని పిలిచిన మన తీరం గురించి చెప్పింది ఒకటి రెండు వాక్యాలు: అక్కడ సన్న నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని. అతను ఇక్కడికి వచ్చి చూసి రాసినట్టు లేదు, విని రాసినట్టుంది. మరోచోట అతనే చెబుతాడు: తగర పట్నానికి సముద్రతీర ప్రాంతాల నుంచి బట్టలు చేరతాయి, అక్కణ్నుంచి దారీ తెన్నూ లేని నేలల మీదుగా బళ్ల మీద పశ్చిమ తీరపు రేవు భరుకచ్ఛానికి పోతాయి. ఆ సముద్రతీరం మన తూర్పు తీరమేనని చాలామంది పండితులు నమ్మారు. తగరమంటే ఇప్పటి మహారాష్ట్రలోని తేర్. అంటే డెల్టా నేతగాడు నేసిన తాను ఎడ్లబండి మీద దక్కను అడ్డంగా దాటింది. ఎన్ని చేతులు మారిందో, ఎన్ని చోట్ల సుంకం కట్టిందో. నేసినవాడు రోమన్‌ను చూడలేదు, కట్టుకున్న రోమన్ మగ్గాన్ని చూడలేదు. నల్లగొండ, కరీంనగర్ వైపు లోతట్టు ఊళ్లలో నాణేల కుండలు దొరకడానికి కారణం ఈ భూమార్గాలే అనుకోవడం సబబు.

రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చున్న టాలమీకి కొంచెం ఎక్కువ తెలుసు. మైసోలియా, మైసోలోస్ నది, కొంటకొస్సిల రేవు రాశాడు. కొంటకొస్సిల మన ఘంటసాలే. నాగార్జునకొండ శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక చేయించిన కట్టడాల జాబితాలో కంటకసెల మహాచైత్యం దగ్గర కట్టించిన మండపం కూడా ఉంది. అదే తీరం గురించి టాలమీ ఇంకో మాట రాశాడు, దాన్ని ఎవరూ ఎత్తరు: బంగారు దేశానికి, అంటే ఆగ్నేయాసియాకు వెళ్లే ఓడలు ఇక్కడొక చోట తీరం వదిలి నడిసముద్రంలోకి మళ్లుతాయని. మన ఓడల ముఖం తూర్పుకు. బర్మా, మలయా, జావా వైపు. సింహళం వైపు. బోధిసిరి శాసనం సింహళ థేరుల గురించి చెబుతూ, చీనా నుంచి తంబపంణి వరకు ఎన్నో దేశాల పేర్లు చెబుతుంది. ఆ సముద్రంలో సీజర్ల మాట చెల్లదు. మన చరిత్ర పాఠంలో ఆ తూర్పు సముద్రానికి ఒక పేరా, పడమటి సముద్రానికి ఒక అధ్యాయం.

ఇంత వంకర ఎక్కణ్నుంచి వచ్చింది? మన శిథిలాలను మొదట తవ్విన దొరలందరూ చిన్నప్పుడు లాటిన్ చదువుకున్నవాళ్లు. అమరావతి పలకల్లో ఫెర్గుసన్‌కు గ్రీకు చెయ్యి కనిపించింది. 1945లో అరికమేడు తవ్విన మార్టిమర్ వీలర్ దాన్ని రోమన్ వర్తక స్థావరంగా లోకానికి చూపించాడు. అక్కడ దొరికిన ఒక రకం పళ్లేలకు, లోపలి వైపు సన్నటి చుక్కల వరసలు తిరిగి ఉండేవాటికి, మధ్యధరా పుట్టుక అంటగట్టాడు. అవే పళ్లేల ముక్కలు అమరావతిలో, భట్టిప్రోలులో, శాలిహుండంలో దొరికినప్పుడల్లా అదిగో రోమ్ అని రాసుకున్నాం. తర్వాత విమలా బెగ్లీ పరిశోధనా, మట్టి మీద జరిగిన ప్రయోగశాల పరీక్షలూ తేల్చిందేమిటంటే, ఆ పళ్లేలు ఈ దేశంలోనే చేసినవి. ఇండోనేషియాలోని బాలి దాకా మన ఓడల్లో పోయినవి. ద్రాక్షసారా జాడీలన్న ముక్కల్లో కూడా చాలావాటిని రోబర్టా టాంబర్ మళ్లీ పరీక్షించి, అవి పర్షియా సింధుశాఖ వైపు నుంచి వచ్చిన వేరే జాడీలని చూపించింది. ఇందులో కొంత అచ్చయి ముప్పై నలభై ఏళ్లు కావస్తోంది. మన గైడు పుస్తకాలకు మాత్రం ఇంకా చేరలేదు.

అనుపు మాట ఇక్కడే చెప్పాలి. నాగార్జునసాగర్ నీళ్లలో మునగకుండా తరలించి మళ్లీ పేర్చిన ఆ మెట్ల రంగస్థలాన్ని రోమన్ ఆంఫీథియేటర్ అని పరిచయం చేస్తారు. రోమన్ ఆంఫీథియేటర్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కొలోసియంలో మధ్య బరి 80 మీటర్లకు పైగా పొడవు, చుట్టూ యాభై వేల మంది. మనది దీర్ఘచతురస్రం, మధ్య చోటు పొడవు 16 మీటర్లకు కాస్త పైన. కోనేటికి నాలుగువైపులా మెట్లు కట్టడం తెలిసిన మేస్త్రీకి ఇది కట్టడానికి రోమ్ నుంచి ఎవరూ రానక్కర్లేదు. విజయపురి రాజసౌధం స్తంభం మీద కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకున్న గడ్డం మనిషి ఉన్నాడు, నిజమే. గ్రీకుల డయోనిసస్‌కు పోలిక ఉంది, అదీ నిజమే. అలాంటి పరదేశి బొమ్మ ఒకటి నచ్చి చెక్కించుకున్నారు. దాని చుట్టూ ఉన్న వందలాది జాతక కథల పలకలను వదిలేసి, ఆ ఒక్క స్తంభాన్ని పట్టుకుని ఊరంతా రోమ్ నీడ అనడం పండితులకు తగని పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ స్తూపాలు ఎవరి డబ్బుతో కట్టారో ఊహించాల్సిన పని లేదు, రాసి ఉంది. అమరావతిలో ఒక పూర్ణఘట ఫలకం మీది శాసనం ప్రకారం దాన్ని ఇచ్చినవాడు చమ్మకారుడు విధికుడు, తోలు పని చేసేవాడు. తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. విధికుడు ఒక్కడే ఇచ్చానని రాయించుకోలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, చుట్టాలూ స్నేహితులతో కలిసి ఇచ్చానని రాయించాడు. తోలు శుభ్రం చేసి, కుట్టి, అమ్మి కూడబెట్టిన సొమ్ము అది. అదే స్తూపానికి గంధం అమ్మేవాళ్లు ఇచ్చారు, గృహపతులు ఇచ్చారు, భిక్షుణులు ఇచ్చారు. నాగార్జునకొండ మహాచైత్యాన్ని చాంతిసిరి ఇచ్చింది. మేనత్త కూతుళ్లను పెళ్లాడిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి ఆమె కూడా మేనత్తే. శాసనాల నిండా ఆ ఇంటి ఆడవాళ్ల పేర్లే.

మన రాష్ట్ర ప్రభుత్వం 2018లో ఖరారు చేసిన అధికార చిహ్నం నడుమ ఉన్నది అమరావతి పూర్ణఘటమే. ప్రతి తాసీల్దారు ఆఫీసు బోర్డు మీదా, ప్రతి జీవో తల మీదా ఉంటుంది. అలాంటి పూర్ణఘటాన్ని స్తూపానికి సమర్పించిన తోలు పనివాడి పేరు మన బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు? టైబీరియస్ పేరు మాత్రం పరీక్షలో వస్తుంది. చక్రవర్తి పేరు నేర్పి, చమ్మకారుడి పేరు దాచడం ఏ పాటి చరిత్ర బోధన? విధికుడి కులవృత్తిని ఆ తర్వాతి శతాబ్దాలు ఎలా చూశాయో మనకు తెలుసు. ఆ పేరు చెప్పకపోవడం నాకు మరింత బాధగా ఉండేది అందుకే.

ఇప్పటి సంగతే చూడండి. ఖమ్మం నుంచి, జంగారెడ్డిగూడెం నుంచి వ్యాపారులు వచ్చి విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌లో లక్షల సరుకు ఎత్తుకుపోతారు. వాళ్ల డబ్బు లేకపోతే మన కొట్లు ఇంత పెరిగేవి కావు. అయినా ఆ కొట్టు కట్టింది ఖమ్మం వ్యాపారి అని వన్ టౌన్‌లో ఎవరూ అనరు. సరుకు పోగుచేసినవాడు, అరువిచ్చి అరువు తెచ్చుకున్నవాడు, మూటలు మోసినవాడు, లెక్క రాసినవాడు కలిసి కట్టారని ఇక్కడ పసివాడికీ తెలుసు. రెండు వేల ఏళ్ల కిందటి డెల్టాకు వచ్చేసరికి ఈ ఇంగితం ఎందుకు వదిలేస్తాం?

ఇదంతా చదివి, అయితే రోమ్‌కు మనమే అన్నీ నేర్పామన్నమాట అని చంకలు గుద్దుకునేవాళ్లకూ ఒక మాట. అది కూడా తప్పే. వారానికి ఏడు రోజులు, గ్రహాల వరసలో వాటి పేర్లు, పన్నెండు రాశులు మనకు యవనుల దారిన వచ్చాయి. మన పంచాంగం వాటిని తనలో కలిపేసుకుంది. గోడ మీద క్యాలెండరులో జూలై, ఆగస్టు ఇద్దరు సీజర్ల పేర్లు. గుణదల మేరీమాత కొండ ఎక్కే లక్షల మంది నమ్మే కతోలిక సభకు పీఠం రోమ్‌లో ఉంది. కొత్త కల్యాణ మండపాల ముందు ఆకుల గుత్తులు చెక్కిన తెల్ల స్తంభాలు లేనివి వెతకాలి. రోమ్ మన మధ్య బతికే ఉంది, దాన్ని చదవాలి, ఇంకా బాగా చదవాలి. అటునుంచి ఇటు ఏం వచ్చిందో, ఇటునుంచి అటు ఏం పోయిందో రెండూ చదవాలి. 79లో బూడిద కింద పూడుకుపోయిన పాంపేయిలో 1938లో దొరికిన ఏనుగు దంతపు స్త్రీ బొమ్మ దక్కనులో చెక్కిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఈజిప్టు ఎర్రసముద్రపు రేవు బెరెనికేలో ఇసుక తవ్వితే కుండెడు మిరియాలు వచ్చాయి, బుద్ధుని విగ్రహం వచ్చింది, శాతవాహన నాణేలు రెండు వచ్చాయి. ఆ రెండు నాణేలను చూసి బెరెనికేను శాతవాహనులు కట్టారని ఈజిప్టువాళ్లు పాఠాలు రాసుకోలేదు.

పాఠ్యపుస్తకాలు రాసేవారికి, పర్యాటక శాఖ బోర్డులు రాయించేవారికి నా విన్నపం సూటిగానే ఉంది. అనుపు బోర్డుల్లో, కరపత్రాల్లో, మాటల్లో రోమన్ అన్న విశేషణం ఎక్కడున్నా తీసేయండి. అమరావతి పాఠంలో విధికుడి శాసనాన్ని పూర్తిగా, అతని తల్లితో, కూతుళ్లతో సహా, తెలుగులో ఇవ్వండి. చాంతిసిరి, బోధిసిరి పేర్లు పిల్లల నోట పలికించండి. రోమన్ నాణెం బొమ్మ వేసిన పేజీలోనే ఓడ బొమ్మ ఉన్న సీసపు నాణేన్నీ వేయండి. ఉపాధ్యాయులు వాటి కోసం ఆగక్కర్లేదు. భట్టిప్రోలు తెనాలి దాటాక వస్తుంది, ఘంటసాల బందరుకు ఈవలే ఉంది. పొద్దున్నే విజయవాడలో పిల్లలను బస్సెక్కిస్తే రెండింటిలో ఏదైనా చూపించి సాయంత్రానికి ఇళ్లకు చేర్చవచ్చు.